ఒక్క సంతకమే గదా!

ధ్యాన భాగము: సామెతలు 22వ అధ్యాయము, 1, 7, 26, 27 వచనములు



సామెతలు 22వ అధ్యాయము మన సంఘములలో తెలియనివారు లేరు. బాలుని పెంపకమును గూర్చిన ఆరవ వచనమును సండేస్కూలు వార్షికోత్సవపు బ్యానరు మీద వ్రాయుదుము. మంచి పేరును గూర్చిన మొదటి వచనమును పెద్దవారి భూస్థాపన కూడికలలో చదువుదుము. ఏడవ వచనమును, చివరి భాగములోని 26, 27 వచనములను మాత్రము ఎవరును బ్యానరు మీద వ్రాయరు. అప్పు పుచ్చుకొన్న మనుష్యుడు ఇచ్చినవాని చేతిక్రింద బ్రదుకవలసివచ్చునని ఏడవ వచనము హెచ్చరించుచున్నది. ఒకరి బాకీకి ఇంకొకరు చేయి కలిపి పూటపడవద్దనియు, తీర్చుటకు ఏమియు లేనప్పుడు పడుకొన్న పరుపు కూడ పోవుననియు ఆ చివరి వచనములు చెప్పుచున్నవి. పూటపడుట అనగా ఏమని ఈ కాలపు పిల్లలు అడుగుచున్నారు. హోసూరు బజారులో దానిని జామీను అందురు. బ్యాంకు కాగితములలో గ్యారంటీ అందురు.

పేరు, అప్పు, జామీను. ఈ మూడు సంగతులును ఒకే అధ్యాయములో ఉన్నవని గమనించుడి. మనమే వాటిని విడదీసి, మొదటిదానిని గుడిలోను తక్కిన రెండింటిని బజారులోను ఉంచితిమి.

ఇది ఇప్పుడు వ్రాయుటకు కారణమున్నది. మన సంఘములలోని యౌవనులు మొదటి కారు కొనుచున్నారు. చిత్తూరు, నెల్లూరు, ప్రకాశము జిల్లాలనుండి ఒక ట్రంకుపెట్టెతో పని వెదకుకొనుచు వచ్చిన కుటుంబముల పిల్లలు కొందరు. తరతరములుగా ఈ సరిహద్దు గ్రామములలోనే తెలుగు మాటలాడుచు గులాబీలు, టమాటా పండించుచున్న కుటుంబముల పిల్లలు మరి కొందరు. వారి తండ్రులు సిప్కాట్ ఫ్యాక్టరీలలో రాత్రి షిఫ్టులు చేసిరి. హోసూరులోనే 1980లో తయారగుట మొదలైన టీవీఎస్ 50 మోపెడ్ మీద భార్యను వెనుకను బిడ్డను ముందును కూర్చుండబెట్టుకొని ఆరాధనకు వచ్చిరి. అట్టివారి కుమారుడు కారు కొనగోరుట పాపము కాదు. వానలో చంటిబిడ్డను ఎత్తుకొని బాగలూరు రోడ్డు మీద బస్సు కొరకు నిలిచినవారికి ఆ కోరిక ఎందుకు కలుగునో ఒకరు చెప్పనక్కరలేదు. కారును చూపించి లోకాశ అని ప్రసంగించుట సులభమే గాని, అట్లు ప్రసంగించు దైవజనులలో కొందరు కారులోనే వచ్చుచున్నారు గనుక ఆ మాట ఇక్కడ విడిచిపెట్టుచున్నాను.

చిక్కు కారులో లేదు, కాగితములో ఉన్నది. ఇరువది మూడు, ఇరువది నాలుగు సంవత్సరముల పిల్లవాడు కాంట్రాక్టు ఉద్యోగములో ఉన్నాడు. జీతము వచ్చుచున్నది. ఇంతవరకు ఎక్కడను అప్పు చేయలేదు. షోరూమునకు పోగా వారు అతని పాన్ నంబరు కొట్టి చూచి, నీ పేరున చరిత్ర ఏమియు లేదు, జామీనుదారుని తీసికొని రమ్మందురు. "నేను ఎవరికిని ఒక్క రూపాయి బాకీ లేను సార్, అదేనా నా తప్పు?" అని పిల్లవాడు ఆశ్చర్యపడును. తరువాతి ఆదివారము ఆరాధన ముగిసి అందరును చెప్పులు వేసికొనుచుండగా, పర్మనెంటు ఉద్యోగమో పెన్షనో ఉన్న ఒక పెద్దను ప్రక్కకు పిలిచి, "మీరేమీ కట్టనక్కరలేదు సార్, ఒక్క సంతకమే గదా!" అనును. ఆ పెద్ద కాదనలేడు. కాదన్నయెడల ఆ కుటుంబము నొచ్చుకొనును. ఔనన్నయెడల ఏమగునో అతనికి తెలియదు. ఈ విషయములో వాక్యమేమి చెప్పుచున్నదో చూతము.

మొదట పేరును గూర్చి. ఐశ్వర్యముకంటె పేరు మేలైనదని సొలొమోను చెప్పినప్పుడు ఊరిలోని పెద్దల నోట నున్న పేరును ఉద్దేశించెను. మన దేశములో 2000వ సంవత్సరములో సిబిల్ అను సంస్థ ఏర్పడి, ఎవరు ఎంత అప్పు తీసికొనిరి, కంతులు ఏ తేదీకి కట్టిరి అను లెక్కను బ్యాంకులనుండి సేకరించి ఉంచుచున్నది. అటువంటివి ఇప్పుడు నాలుగున్నవి. 300 మొదలుకొని 900 వరకు ఒక మార్కు వేయుదురు. ఎన్నడును అప్పు తీసికొననివానికి మార్కు ఉండదు. మైనస్ ఒకటి అనియో, చరిత్ర లేదనియో చూపుదురు. బడి భాషలో చెప్పవలెనంటే వాడు పరీక్ష తప్పినవాడు కాడు, పరీక్ష వ్రాయనివాడు. ఈ రెంటికిని భేదమున్నది. మొదటిసారి అప్పు కోరువానిని చరిత్ర లేదన్న ఒక్క కారణముతోనే త్రోసివేయకూడదని రిజర్వు బ్యాంకు సూచించియున్నట్లు 2025 ఆగస్టులో ఆర్థికశాఖ సహాయమంత్రి లోక్‌సభలో తెలియజేసెను. బ్యాంకు గుమ్మములో నిరాశపడిన యౌవనులు ఈ మాట వినయముతోనే ఎత్తి చెప్పవచ్చును.

ఈ మార్కు మనుష్యుని యోగ్యత కాదు. తల్లికి మందులు కొనుటకై ఒక కంతు ఆలస్యము చేసినవానికి మార్కు తగ్గును. కూలివారిని మోసగించి తన కారు కంతు మాత్రము తేదీకి కట్టినవానికి పెరుగును. దేవుడు ఆ పుస్తకము చూచి తీర్పు తీర్చడు. అయినను దానిని తృణీకరింపవద్దు. చెప్పిన తేదీకి చెప్పిన సొమ్ము కట్టుట మాట నిలుపుకొనుటయే. తీసికొని తిరిగి ఇయ్యనివానిని 37వ కీర్తన భక్తిహీనుల వరుసలో నిలిపియున్నది.

కాబట్టి పేరు లేని యౌవనుడు కారుకు ముందు పేరును కొంచెము కొంచెముగా సంపాదించుకొనుట మేలు. బ్యాంకులో పదివేలో ఇరువదివేలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు అడిగిన ఇత్తురు. దానితో నెలకు ఒక్కసారి ఇంటి సరుకులు మాత్రము కొని గడువులోపల మొత్తము కట్టవలెను. లేదా బండికో ఫోనుకో చిన్న అప్పు తీసికొని ఒక్క కంతు తప్పకుండ తీర్చవలెను. ఒక సంవత్సరము, ఒకటిన్నర సంవత్సరము ఓపిక పట్టవలెను. మన స్త్రీల కూడికలలో వేయు చీటీలు ఎంత క్రమముగా కట్టినను ఆ లెక్కలోనికి రావు. అది విచారకరమే గాని నిజము. సంవత్సరమునకు ఒకసారి ఆ రిపోర్టును ఒక్కొక్క సంస్థ నుండి ఉచితముగా తీసి చూచుకొనవచ్చును. మీరు ఎరుగని అప్పు మీ పేరున ఉన్నదేమో అక్కడనే బయటపడును.

ఇక ఏడవ వచనము. మన తాతలకు దీనికి వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. తండ్రి పెండ్లికో చావుకో తీసికొన్న కొద్దిపాటి అప్పుకు కుమారుడు ఆసామి యింట పాలేరుగా ఏండ్ల తరబడి పనిచేయుట వారు కన్నులార చూచిన సంగతి. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లో మాత్రమే వచ్చెను. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ధర్మము పంచుటతో సరిపెట్టక, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును కాంట్రాక్టుగా తీసికొని జనులకు పని కల్పించి కూలి ఇచ్చినట్లు మన సంఘ చరిత్ర చెప్పుచున్నది. 1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుటను గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందుగా ఆ కాలువ గట్టున చెమటోడ్చి సంపాదించిన కూలిని గూర్చి అంతగా చెప్పుకొనము. అప్పు లేని అన్నము ఎట్లుండునో ఆ జనులు అక్కడ రుచి చూచిరి.

నేటి అప్పు పాలేరుతనము కాదు. కాని ఆసామి ముఖము కనబడనంత మాత్రమున దాస్యము పోలేదు. నాకు ట్రైనింగ్ స్కూలులో లెక్కలు బోధించు పద్ధతి నేర్పిన గురువులు, లెక్కను పిల్లవాని యింటిలోనుండి తీయుమనెడివారు. అట్లే ఒక లెక్క చేయుదము.

ఐదు లక్షల రూపాయల అప్పు, ఐదు సంవత్సరములు, తొమ్మిది శాతము వడ్డీ అనుకొనుడి. తీరుచున్న అసలు మీద మాత్రమే వడ్డీ లెక్కించు పద్ధతిలో నెలకు 10,379 రూపాయల కంతు పడును. మొత్తము వడ్డీ లక్షా ఇరువది రెండువేల ఏడువందల చిల్లర. ఇంకొకచోట "మాదీ తొమ్మిది శాతమే" అందురు గాని అది ఫ్లాట్ వడ్డీ. అనగా మీరు అసలు ఎంత తీర్చినను, చివరి నెల వరకు ఐదు లక్షల మీదనే వడ్డీ వేయుదురు. అప్పుడు కంతు 12,083. వడ్డీ రెండు లక్షల ఇరువది ఐదు వేలు. నోటితో చెప్పినది ఒకే తొమ్మిది, కాగితము మీద లక్ష రూపాయలకు పైగా తేడా. మొదటి పద్ధతిలో కొలిచినయెడల ఆ ఫ్లాట్ తొమ్మిది దాదాపు పదునారు శాతమునకు సమానము. వేరువేరు తూకపు రాళ్లు దేవునికి అసహ్యములని అదే సామెతల గ్రంథము 20వ అధ్యాయములో చెప్పుచున్నది గదా.

కంతు బరువుగా నున్నదని గడువును ఏడు సంవత్సరములకు పొడిగించుదురు. అప్పుడు తొమ్మిది శాతము లెక్కన కంతు 8,045కు తగ్గును, మనసు తేలికపడును. వడ్డీ మాత్రము లక్షా డెబ్బది ఐదువేలు దాటును. ఏడవ సంవత్సరము నాటికి కారు పాతబడును, కంతు మాత్రము క్రొత్తగానే ఉండును.

2024 అక్టోబరు 1 నుండి ఇటువంటి అప్పులకు ముఖ్యమైన సంగతులన్నియు ఒక కాగితము మీద వ్రాసి ముందుగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. దానిని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అందురు. ఖర్చులన్నియు కలుపుకొని సంవత్సరమునకు నిజముగా ఎంత శాతము పడునో అందులో ఉండవలెను. అప్పు తీసికొనువానికి అర్థమగు భాషలో ఉండవలెను. యౌవనులారా, తెలుగులో అడుగుడి. సిగ్గుపడవద్దు. ఈ ఊళ్లలో మన భాష నిన్న మొన్న వచ్చినది కాదు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించునని లూకా 14లో ప్రభువు చెప్పిన మాట శిష్యత్వమును గూర్చినదే. అయినను లెక్క చూచుకొనుటను ఆయన అల్పమని ఎంచలేదు. కంతు ఒక్కటే ఖర్చు కాదు. ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, పెట్రోలు, టైర్లు, నిలుపుటకు చోటు. ఎలీషా శిష్యుడు ఒకడు మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడినది. వాని దుఃఖము గొడ్డలి పోయినందుకు కాదు, అది ఎరవు తెచ్చినదైనందుకు. అప్పు మీదనున్న కారు ప్రమాదములో పూర్తిగా పాడైనయెడల ఇన్సూరెన్సు సొమ్ము మొదట అప్పిచ్చినవారికి పోవును, మిగిలినదే మీకు. చాలనియెడల లేని కారుకు కంతు కట్టవలెను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే చేయించి డబ్బు మిగిల్చితిమనుకొనువారు ఈ గొడ్డలిని జ్ఞాపకము చేసికొందురు గాక.

కారు నడిపి బ్రదుకవలెనని పసుపు బోర్డు బండి కొనువాని లెక్క వేరు. అతనికి అది తిరుగలి రాయి వంటిది, తిండి దానినుండి వచ్చును. ద్వితీయోపదేశకాండము 24లో తిరుగలిని తాకట్టు పట్టరాదని దేవుడు చెప్పుటకు కారణమదే. కాగితములు లేని లారీ డ్రైవర్లకు పాత లారీల మీద అప్పులిచ్చి పెరిగిన సంస్థలు మన ప్రక్కనే ఉన్నవి. చెన్నైలో 1974లో చీటీల వ్యాపారముతో మొదలై, 1979 నుండి ఆ పనికి దిగిన శ్రీరామ్ సంస్థ వాటిలో ఒకటి. స్కోరు చూడక మనిషిని చూచి ఇచ్చుట వారి పద్ధతిగా పేరుపొందినది. కాని అట్టి అప్పుకు వడ్డీ బ్యాంకుకంటె హెచ్చుగానే ఉండును. బండి సంపాదించునప్పుడు ఆ వడ్డీ భరించవచ్చును. ఇంటి ముందు నిలిచియుండు బండికి భరించుట కష్టము. కందువడ్డీ, మీటర్ వడ్డీ వారి దగ్గరకు ఏ సందర్భములోను పోవద్దు. అట్టి వడ్డీలను తమిళనాడు ప్రభుత్వము 2003లోనే చట్టముతో నిషేధించినది.

ఇప్పుడు అసలు సంగతికి, జామీనుకు వచ్చుచున్నాను.

సంతకము పెట్టువారు సాధారణముగా ఇట్లు తలంతురు: పిల్లవాడు కట్టనియెడల ముందుగా కారును తీసికొనిపోవుదురు, తరువాత అతని తండ్రిని అడుగుదురు, అప్పటికిని తీరనప్పుడు గదా నాయొద్దకు వత్తురు. చట్టము అట్లు చెప్పుటలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, వేరుగా వ్రాసికొననియెడల, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. అప్పిచ్చినవారు మొదటనే మీ గుమ్మము త్రొక్కవచ్చును. అంతేకాదు, ఆ అప్పు మీ సిబిల్ రిపోర్టులో కూడ ఎక్కును. మీ కుమార్తె చదువుకొరకు మీరు అప్పు అడిగిననాడు అది ఎదురుగా నిలుచును. మూడువేల యేండ్ల క్రిందట పరుపు లాగుదురని సొలొమోను చెప్పినది అతిశయోక్తి కాదు.

నేనెరిగిన ఒక సంఘములో ఇట్లు జరిగినది. పేర్లు, ఊరు చెప్పను. రిటైరైన ఒక పెద్దమనిషి తన స్నేహితుని కుమారుని కారుకు జామీను నిలిచెను. పదునాలుగు నెలలు కంతులు సరిగా పోయినవి. కాంట్రాక్టు ముగిసి పిల్లవానికి పని పోయెను. అతడు సిగ్గుపడి ఎవరికిని చెప్పలేదు. ఫోను ఎత్తుట మానెను. ఒక ఉదయము పెద్దమనిషి పెన్షను తీసికొనబోగా ఖాతాలోని సొమ్మును పట్టి ఉంచిరని తెలిసెను. ఆ నెల ఆయన భార్యకు షుగరు మందులు అరువు తెచ్చిరి. ఆయన కోపపడి కేకలు వేయలేదు. వేసియుంటే బాగుండెడిది. ఆ రెండు కుటుంబములును గుడిలో ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుండసాగిరి. ప్రభురాత్రి భోజనము రోజున పిల్లవాని తల్లి రొట్టె పళ్లెము వచ్చువేళకు లేచి బయటకు పోయెడిది. తరువాత వారు రావడమే మానిరి. కారును ఫైనాన్సువారు తీసికొనిపోయి వేలము వేసిరి. దానికొరకు ఎవరును ఏడ్వలేదు. ముప్పది యేండ్ల స్నేహము పోయినది, ఒక కుటుంబము ఆరాధన పోయినది.

ఇంకొక పద్ధతి కూడ మనలో వ్యాపించుచున్నది. కంపెనీ శాలరీ స్లిప్ ఉన్న అన్న తన పేరున అప్పు తీసికొని, కారును తమ్మునికి ఇచ్చును; తమ్ముడు కంతు కట్టును. లేక బెంగుళూరులో ఒకరు కంతులు కట్టలేక విడిచిన కారును, అప్పు వారి పేరుననే ఉంచి, మిగిలిన కంతులు నేను కట్టుదునని నోటిమాటతో తెచ్చుకొందురు. దానిని రన్నింగ్ లోను అందురు. వాడు మనవాడే, విశ్వాసియే అందురు. ప్రమాదము జరిగిననాడు ఆర్.సి. బుక్కులో ఎవరి పేరున్నదో వారిని కోర్టు పిలుచును. కంతు తప్పిననాడు ఎవరి సంతకమున్నదో వారి మార్కు పడిపోవును. కంతులన్నియు తీర్చినవాని చేతికి కారు మీద హక్కు రాదు. ఇక్కడ అప్పు ఇచ్చువారికి చెప్పిన మాటయే అబద్ధము. మొదటి వచనములోని మంచి పేరును మనమే అద్దెకిచ్చుచున్నాము.

అయితే జామీను నిలుచుట దేవుని వాక్యములో ఎల్లప్పుడును నిషేధమేనా? కొందరు పెద్దలు 26వ వచనమును డాలువలె పట్టుకొని, "బైబిలు వద్దన్నది నాయనా" అని పిల్లలను పంపివేయుచున్నారు. అది నాకు సమాధానము కలిగించుటలేదు. ఆదికాండము తెరచి చూడుడి.

కరవు కాలములో బెన్యామీనును ఐగుప్తుకు పంపుమని యాకోబును అడుగుటకు ఇద్దరు కుమారులు వచ్చిరి. 42వ అధ్యాయము చివర రూబేను వచ్చెను. బెన్యామీనును తిరిగి తేనియెడల తన ఇద్దరు కుమారులను చంపుమని చెప్పెను. యాకోబు ఒప్పుకొనలేదు. 43వ అధ్యాయములో యూదా వచ్చి, ఆ చిన్నవానికి నేనే పూట, నన్నే అడుగుము అనెను. యాకోబు ఒప్పుకొనెను. తేడా ఎక్కడ? రూబేను తనది కాని ప్రాణమును, తన పిల్లల ప్రాణమును ఒడ్డెను. యూదా తన్నుతాను ఒడ్డెను. 44వ అధ్యాయములో గిన్నె బెన్యామీను గోనెలో దొరకినప్పుడు యూదా వెనుకకు తగ్గలేదు. చిన్నవానికి బదులు నేను దాసుడనై ఉండెదనని అధికారి యెదుట నిలిచెను.

మనలో జామీను నిలుచువారు యూదాలా, రూబేనులా? భార్యకు చెప్పక సంతకము చేయువాడు, కుమార్తె పెండ్లికి దాచిన సొమ్మును లోలోపల పణముగా పెట్టువాడు రూబేను. ఇంటిలో కూర్చుండి, ఈ ఐదు లక్షలు మనమే కట్టవలసివచ్చిన కట్టగలమా అని భార్యతో లెక్క చూచి, కట్టగలము, కట్టినను ఆ పిల్లవానిమీద పగ పెట్టుకొనము అని నిశ్చయించుకొన్న తరువాత సంతకము చేయువాడు యూదా.

పౌలును చూడుడి. ఒనేసిము ఏమైన నష్టము చేసియున్నను, బాకీయున్నను తన లెక్కలో వ్రాసికొమ్మని ఫిలేమోనుకు వ్రాసెను. తానే చెల్లింతునని స్వహస్తముతో వ్రాసెను. ఒనేసిము ఎట్టివాడో ఆయనకు తెలియును, చెరలో తన యొద్ద ఉంచుకొని చూచెను. ఎవరో చుట్టముల ద్వారా వచ్చిన ముక్కు మొగము తెలియనివానికి వ్రాయలేదు. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయములో ప్రభువైన యేసే శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపు అనబడెను. ఆయన సంతకము చేయునప్పుడు మనము కట్టలేమని ఎరిగియే చేసెను. మనము కట్టుదుమను ఆశతో చేసినది కాదు.

ఆ కొలతతో చూచినయెడల మనలో అనేకులు సంతకము చేయలేరు. నేను కూడ ఐదు లక్షలకు చేయలేను, నా పెన్షను చాలదు. అప్పుడు పిల్లవానికి ఏమి చెప్పవలెను? "చేయలేను నాయనా, నాకు అంత శక్తి లేదు" అని కన్నులలోనికి చూచి చెప్పవలెను. చూతము, ప్రార్థన చేయుదము అని మూడు ఆదివారములు త్రిప్పవద్దు. తరువాత చేయగలిగినది చేయవలెను. ఐదు లక్షలకు జామీను నిలువలేనివాడు ఇరువదివేలు చేబదులు ఇయ్యగలడేమో. అట్టివారు నలుగురు కలిసినయెడల డౌన్ పేమెంటు పెరుగును, అప్పు తగ్గును, జామీను అడుగని బ్యాంకు దొరకవచ్చును. ఇరువదివేలు పోయినను మీరు అతనితో కలిసి ప్రభువు బల్లయొద్ద కూర్చుండగలరు. ఐదు లక్షలు పోయిన కూర్చుండలేరు. ఇది పిసినారితనము అనువారున్నారు. నాకు అట్లు తోచదు.

యౌవనులారా, జామీను ఎవరిని అడుగవలెనో ఆలోచించి అడుగుడి. విధవరాలిని అడుగవద్దు. పాస్టరు అయ్యగారిని అడుగవద్దు. ఆయన జీతము మీకు తెలియును, మీకు కాదని చెప్పుటకు ఆయనకు నోరు రాదు. సంఘపు లెటర్ ప్యాడ్ మీద మీరు మంచి నడవడి గలవారని ఉత్తరము వ్రాయించుకొనవచ్చును గాని అందులో డబ్బు మాట, బాధ్యత మాట ఉండకూడదు. కోశాధికారులు ఈ విషయములో జాగ్రత్తగా ఉండవలెను. అడుగునప్పుడు ఒంటరిగా రాక తండ్రితోగాని అన్నతోగాని వచ్చి, జీతమెంత, కంతు ఎంత, పని పోయినయెడల మూడు నెలల కంతులకు ఎక్కడ ఏమి దాచితిరో కాగితము మీద వ్రాసి చూపించుడి. ఆ మూడు నెలల సొమ్ము చేతిలో లేనియెడల ఆ సంవత్సరము కారు కొనవద్దు. మోపెడ్ మీద వచ్చిన మీ నాయనకు గౌరవము తక్కువ కాలేదు.

పని పోయెనా? దాగవద్దు. పైన చెప్పిన కుటుంబమును పాడుచేసినది పని పోవుట కాదు, ఫోను ఎత్తకపోవుట. సామెతలు 6వ అధ్యాయము మొదటి ఐదు వచనములు చదువుడి. మాట ఇచ్చి చిక్కుకొన్నవాడు నిద్రపోక, జింకవలెను పక్షివలెను త్వరపడి వెళ్లి బ్రతిమాలుకొనవలెనని అక్కడ ఉన్నది. కంతు తప్పకముందే బ్యాంకు మేనేజరునొద్దకు పోవుడి. గడువు పొడిగించుమనియో, కొన్ని నెలలు తగ్గించి కట్టనిమ్మనియో అడుగుడి. అదే రోజున జామీనుదారుని యింటికి పోయి చెప్పుడి. కారు అమ్మివేయుట మంచిదైనయెడల ఫైనాన్సువారి అనుమతితో మీరే అమ్ముడి. వేలములో కంటె ఎక్కువ వచ్చును. బెదిరించువారు వచ్చినయెడల భయపడవద్దు. గూండాలను పంపి అప్పు వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2007లో చెప్పినది. ఉదయము ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు దాటిన తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆజ్ఞాపించినది. పోలీసు స్టేషనుకు పోవుటకు సంఘ పెద్దలలో ఇద్దరు తోడు వెళ్లవలెను. జామీనుకు సంతకము చేయలేనివారు కనీసము దీనికి తోడు రావచ్చును.

దేవుని కృపవలన కంతులన్నియు తీరిన వారు ఒక పని మరచిపోవుచున్నారు. ఆర్.సి. బుక్కులో అప్పిచ్చినవారి పేరు ఇంకను ఉండును. మీరు కట్టినంతమాత్రమున అది పోదు. వారియొద్ద నో అబ్జెక్షన్ సర్టిఫికెట్టును, ఫారము 35ను సంతకముతో తీసికొని, హోసూరు బండ్లవారు హోసూరులోను కృష్ణగిరి బండ్లవారు కృష్ణగిరిలోను ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇచ్చి ఆ పేరును కొట్టివేయించుకొనవలెను. సర్టిఫికెట్టును పెట్టెలో పెట్టి మరచినయెడల దాని గడువు దాటిపోవును, మరల తిరుగవలసివచ్చును. సిబిల్ రిపోర్టులో కూడ అప్పు మూసివేయబడినదో లేదో చూచుకొనుడి, జామీనుదారుని రిపోర్టులో కూడ. ఆ కాగితము చేతికి వచ్చిన సాయంకాలము దానిని తీసికొని మీకొరకు సంతకము చేసిన పెద్దాయన యింటికి పోయి చూపించి రండి. ఆయన ఇన్నేండ్లును మీతో చెప్పక, ప్రతి నెల ఐదవ తేదీన దానిని జ్ఞాపకము చేసికొనుచునే ఉండెను.